కారు క్యాటలిటిక్ కన్వర్టర్ కొత్తది వేయించాలా, పీకేసి స్ట్రెయిట్ పైపు పెట్టించాలా?

నమస్తే అండి, మాది విజయవాడ. 2018 పెట్రోల్ కారు, బీఎస్-4. ఇంజన్ లైట్ వెలుగుతోంది, దుర్గగుడి ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు బండి లాగట్లేదు. స్కానర్‌లో పీ0420 కోడ్ వచ్చింది, అంటే కన్వర్టర్ సరిగా పని చేయట్లేదని. ఆటోనగర్‌లో ఒక మెకానిక్ క్యాటలిటిక్ కన్వర్టర్ (సైలెన్సర్ లైన్‌లో పొగలోని విషవాయువుల్ని తగ్గించే భాగం) జామైందన్నాడు. అది తీసేసి స్ట్రెయిట్ పైపు వెల్డింగ్ చేస్తే పికప్ అదిరిపోతుందట, ఖర్చూ తక్కువట. పాత కన్వర్టర్ మాత్రం తనే ఉంచుకుంటాడట! అందులో ప్లాటినం, పల్లాడియం, రోడియం లాంటి ఖరీదైన లోహాలుంటాయి కదా, నాకు అక్కడే అనుమానం.

పైగా కన్వర్టర్ లేకపోతే కార్బన్ మోనాక్సైడ్, నైట్రోజన్ ఆక్సైడ్లు నేరుగా బయటికి వస్తాయి, పొల్యూషన్ సర్టిఫికెట్‌కి వెళ్తే టెన్షనే. కన్వర్టర్ తర్వాత ఉండే ఆక్సిజన్ సెన్సర్ ఊరుకోదు కాబట్టి లైట్ కూడా ఆరదనుకుంటా. స్ట్రెయిట్ పైపు సౌండ్ మోజు నాకు లేదు, ఇంట్లో చంటిపిల్ల ఉంది.

అసలు ఆ సెన్సర్ పోయినా, సైలెన్సర్ లైన్‌లో ఎక్కడైనా లీకున్నా ఇదే కోడ్ వస్తుందంటారు. మరి కన్వర్టరే జామైందని తేల్చుకోవడం ఎలా? బ్యాక్‌ప్రెజర్ టెస్ట్ (పొగ బయటికి పోవడానికి ఎంత అడ్డుందో చూసేది) విజయవాడలోగానీ గుంటూరులోగానీ ఎవరైనా సరిగ్గా చేస్తారా? మిస్‌ఫైర్ వల్ల, అంటే ఇంజన్‌లో పెట్రోల్ సరిగా మండకపోతే, కన్వర్టర్ పాడవుతుంది కాబట్టి ముందు ప్లగ్గులు, కాయిల్స్ చూపించాలా? కంపెనీది కాకుండా బయటి కన్వర్టర్ వేయించినవాళ్లు ఉంటే ఎంతయింది, ఎన్నాళ్లు నిలిచిందో చెప్పండి ప్లీజ్.