టాలీని క్లౌడ్‌కి మార్చమంటున్నారు, మార్చాలా?

మిర్చి_కొట్టు:
గుంటూరు యార్డులో మాది కమీషన్ వ్యాపారం. లెక్కలు రాసుకునే టాలీ ప్రైమ్ సాఫ్ట్‌వేర్‌కి సిల్వర్ లైసెన్స్ (ఒకసారికి ఒక్కరే వాడేది) ఎప్పుడో కొన్నాం. ఇప్పుడొక ఏజెంట్ వచ్చి "క్లౌడ్‌కి మారండి, నెలనెలా కడితే చాలు, లైసెన్స్ గోలే ఉండదు" అంటున్నాడు. నిజమేనా?

లెక్కల_మనిషి:
లైసెన్స్ గోల ఎందుకుండదండీ? టాలీని క్లౌడ్‌లో పెట్టడమంటే అదే టాలీని వేరేవాళ్ల సర్వర్‌లో ఎక్కించి రిమోట్‌గా వాడటం. లైసెన్స్ ఎలాగూ ఉండాల్సిందే, సర్వర్ అద్దె దాని మీద అదనం. ఇద్దరు ఒకేసారి ఎంట్రీలు వేయాలంటే సిల్వర్ చాలదు, గోల్డ్ కావాలి. డబ్బు ఎలా కట్టాలన్నది ఒక సంగతి, డేటా ఎక్కడుండాలన్నది ఇంకో సంగతి. ఏజెంట్లు రెండూ కలిపేసి అమ్ముతారు.

హైదరాబాద్_ట్రేడర్:
కొట్టులో హార్డ్ డిస్క్ పోతే ఎవరు దిక్కు? మేం ఆన్‌లైన్‌లోనే లెక్కలు రాసుకునే జోహో బుక్స్‌కి మారాం. బ్రౌజర్ ఉంటే చాలు, బ్యాకప్ టెన్షన్ లేదు. నెలనెలా కట్టడానికి ఏడుపెందుకు, కరెంటు బిల్లు కట్టట్లేదా?

లెక్కల_మనిషి:
కరెంటు బిల్లు ఆపితే పాత లెక్కలు పోవు కదా సార్! జీఎస్టీ కింద పుస్తకాలను వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు ఉంచాలి. కంపెనీలకైతే 8 ఆర్థిక సంవత్సరాలు. పైగా 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీల సాఫ్ట్‌వేర్‌లో ఎడిట్ లాగ్, అంటే ఏ ఎంట్రీ ఎప్పుడు మార్చారో చూపే రికార్డు, తప్పనిసరి. కట్టడం మానేశాక ఇవన్నీ ఎక్కడి నుంచి తీస్తారు? టాలీలో టీఎస్‌ఎస్ (అప్‌డేట్లకు, ఆన్‌లైన్ సేవలకు కట్టే చందా) రెన్యూ చేయకపోయినా ఉన్న వెర్షన్ నడుస్తుంది. కొత్త రిలీజులు, ఆన్‌లైన్ సేవలే ఆగుతాయి.

హైదరాబాద్_ట్రేడర్:
మానేసే ముందు ఎక్సెల్‌లోకి దించుకోవచ్చు.

లెక్కల_మనిషి:
దించుకోవచ్చు, కాదనను. ఆ షీట్లు పట్టుకుని నాలుగేళ్ల కిందటి బిల్లుకు నోటీసొస్తే జవాబు రాసి చూడండి, తెలుస్తుంది.

ఓపెన్_సోర్స్_బాబాయ్:
ఈఆర్‌పీనెక్స్ట్ అనే ఓపెన్ సోర్స్ లెక్కల సాఫ్ట్‌వేర్ చూడండి. లైసెన్స్ ఫీజు లేదు, సొంత సర్వర్‌లో పెట్టుకోవచ్చు. చూసుకునే మనిషి మాత్రం కావాలి.

మిర్చి_కొట్టు:
అంత మనిషి మా దగ్గర లేడు బాబాయ్. నాకు సాయంత్రం ఇంట్లో బాకీలు కనబడితే చాలు.

లెక్కల_మనిషి:
దానికి క్లౌడ్ ఎందుకండీ! టీఎస్‌ఎస్ నడుస్తుంటే టాలీ ప్రైమ్ రిపోర్టులు బ్రౌజర్‌లో చూడొచ్చు. కాకపోతే కొట్టులో సిస్టమ్ ఆన్‌లో ఉండాలి. రోజూ బ్యాకప్ తీసి ఒక కాపీ ఇంట్లో పెట్టుకోండి. అయినా మారతానంటే, మానేసినప్పుడు డేటా ఎన్ని రోజుల్లో మీ చేతికిస్తారో ఏజెంటుతో కాగితం మీద రాయించుకోండి.

మిర్చి_కొట్టు:
ఇప్పుడే ఫోన్ చేసి అడిగాను. ఆఫీసులో కనుక్కుని చెబుతాడట.