ట్రోలింగ్ మోటార్ ఫుల్ స్పీడ్‌లో ఆగిపోతోంది, ఏం చెక్ చేయాలి?

అన్నా, డాలస్ దగ్గర లూయిస్‌విల్ లేక్‌లో చిన్న బోటు, దాన్ని మెల్లగా నడిపే 12 వోల్టుల బ్యాటరీ మోటార్. స్పీడ్ 3 దాకా బానే తిరుగుతుంది, 5లో పెట్టగానే ఆగిపోతోంది. బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తోంది మరి. నిన్న ఎదురుగాలిలో నేనూ మా బాబూ తెడ్లేసుకుంటూ ఒడ్డుకొచ్చాం, వాడు బాగా భయపడ్డాడు.

జవాబు: ఊరికే ఉన్నప్పుడు 12.6 చూస్తే లాభం లేదు తమ్ముడూ, మోటార్ నీళ్లలో ఫుల్‌గా తిరుగుతుండగా బ్యాటరీ దగ్గరోసారి, మోటార్ ప్లగ్ దగ్గరోసారి వోల్టులు చూడు, బ్యాటరీ దగ్గరే 10కి పడితే బ్యాటరీ పోయినట్టే, అక్కడ బానే ఉండి ప్లగ్ దగ్గర పడితే మధ్యలో వైరో బ్రేకరో తినేస్తోంది.

జవాబు: ప్రొపెల్లర్‌కి ఫిషింగ్ లైన్ చుట్టుకుందేమో కూడా చూడండి. ముందు బ్యాటరీ వైరు తీసేయండి, మర్చిపోవద్దు.

చూశానన్నా. బ్యాటరీ 12.1, ప్లగ్ 9.8. బ్యాటరీ నెగెటివ్ వైరు చివరుండే రింగ్ మీద పచ్చటి చిలుము, నట్టు చేత్తోనే తిరిగిపోయింది!

జవాబు: అదే. రింగ్ కొత్తది వేసి లాక్‌నట్ బిగించు.