ఫోటో చెక్కుతుండగా లేజర్ మెషిన్ మధ్యలో ఆగిపోతోంది, కారణం ఏమై ఉంటుంది?

నా దగ్గర 10 వాట్ల డయోడ్ లేజర్ ఉంది. మెషిన్‌ని నడిపేది జీఆర్‌బీఎల్ కంట్రోల్ బోర్డు, ల్యాప్‌టాప్‌లో లైట్‌బర్న్ సాఫ్ట్‌వేర్, మధ్యలో యూఎస్‌బీ కేబుల్. ప్లైవుడ్ మీద పేర్లు, నేమ్‌ప్లేట్లు చక్కగా వస్తాయి. ఫోటో పెడితేనే గొడవ. సగం దాటాక హెడ్ ఉన్నచోటే నిలిచిపోతుంది, సాఫ్ట్‌వేర్‌లో మాత్రం 'బిజీ' అనే ఉంటుంది. కేబుల్ పీకి మళ్లీ పెడితే గానీ కదలదు. అప్పటికి చెక్క పాడైపోయినట్టే.

ఆగే చోటు ప్రతిసారీ మారుతోంది కాబట్టి ఫైల్‌లో లోపం లేదనుకుంటున్నాను. ల్యాప్‌టాప్ స్లీప్‌లోకి వెళ్లకుండా పెట్టాను, విండోస్‌లో యూఎస్‌బీ పవర్ సేవింగ్ కూడా తీసేశాను. తేడా లేదు. గాలి కొట్టే ఎయిర్ అసిస్ట్ పంపు, మెషిన్, ల్యాప్‌టాప్ ఛార్జర్ మూడూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో ఉన్నాయి. పంపు మోటార్ నుంచి వచ్చే కరెంటు నాయిస్ వల్ల కనెక్షన్ తెగుతోందేమో అని అనుమానం. మా పాత ఇంట్లో ఎర్తింగ్ సరిగ్గా ఉందో లేదో కూడా చూడాలి.

అన్నిటికంటే భయపెట్టేది ఇంకోటి. ఒకసారి హెడ్ ఆగినా లేజర్ వెలుగుతూనే ఉంది, చెక్క నల్లగా మాడి పొగ వచ్చింది. అప్పటి నుంచి మెషిన్ పక్కనుంచి కదలట్లేదు. బోర్డు సెట్టింగుల్లో లేజర్ మోడ్ ఆన్‌లోనే ($32=1) ఉంది. ఎం3 (పవర్ ఒకేలా ఉండేది) బదులు ఎం4 (హెడ్ వేగాన్ని బట్టి పవర్ మారేది) మోడ్ వాడితే హెడ్ ఆగగానే లేజర్ ఆరిపోతుందా?

నాయిస్‌ని తగ్గించే ఫెర్రైట్ ముక్క ఉన్న పొట్టి కేబుల్ కొంటే సరిపోతుందా, లేక ముందు ఎస్‌డీ కార్డు నుంచి నేరుగా నడిపి చూడాలా? ఇలాంటిది ఎదురై బాగుచేసుకున్నవాళ్లు దయచేసి చెప్పండి. పెళ్లి ఆర్డర్లు చేతిలో ఉన్నాయి, చాలా టెన్షన్‌గా ఉంది.