ఏడుస్తున్నా ఫిజియోథెరపీ చేయించాల్సిందేనా?

బాబు అమ్మ, నల్గొండ
మా బాబుకి మూడేళ్లు. నెలలు నిండకుండా పుట్టాడు, సెరిబ్రల్ పాల్సీ (సీపీ), అంటే మెదడు దెబ్బతిని కదలికలు సరిగా రాని సమస్య. కాళ్లు రెండూ బిగుసుకుని ఉంటాయి, నిలబెడితే మునివేళ్ల మీదే నిలబడతాడు. థెరపీ సెంటర్ గేటు కనబడితే చాలు, ఏడుపు మొదలు. నన్ను బయట కూర్చోమని, లోపల పడుకోబెట్టి కాళ్లు సాగదీస్తారు. ‘ఏడవనివ్వండి, లేకపోతే కాళ్లు అలాగే ఉండిపోతాయి’ అంటున్నారు. మా అత్తమ్మ మాన్పించేయమంటున్నారు. ఏం చేయాలి?

పాప నాన్న, నరసరావుపేట
మాన్పించొద్దమ్మా. మా పాప కూడా ఏడ్చేది. ఇప్పుడు వాకర్ పట్టుకుని బడికి పోతోంది. సూది వేస్తే ఏడుస్తారని టీకాలు మానేస్తామా?

పిల్లల ఫిజియో, వైజాగ్
టీకాతో పోలిక కుదరదు సార్. టీకాకి పిల్లాడు ఏమీ చేయక్కర్లేదు, ఒంట్లోకి వెళ్తే దాని పని అది చేసుకుంటుంది. నడక అలా రాదు. పిల్లాడు తనంతట తాను పదే పదే ప్రయత్నిస్తేనే మెదడు నేర్చుకుంటుంది. చేత్తో సాగదీస్తే బిగుతు తగ్గేది కాసేపే, అది నిలుస్తుందనడానికి ఆధారాలు బలహీనం. బొమ్మని మంచం మీద పెట్టి, పట్టుకుని లేచేలా ఆడించండి. ఏఎఫ్ఓ స్ప్లింట్ (పాదాన్ని, చీలమండని సరైన తీరులో పట్టి ఉంచే తొడుగు) వేసి మడమలు ఆనేలా నిలబెడితే పిక్కలు ఎక్కువసేపు సాగి ఉంటాయి.

తల్లిని బయట కూర్చోబెట్టడం మాత్రం నేనొప్పుకోను. మిగతా 23 గంటలూ బిడ్డ ఉండేది ఎవరి దగ్గర?

ఇంకో రెండు విషయాలు. ఆ ఏడుపు నొప్పి వల్ల కావచ్చు. సీపీ పిల్లల్లో తుంటి కీలు మెల్లగా పక్కకి జరిగే ప్రమాదం ఉంటుంది, ఎక్స్‌రే తీయించారా? అలాగే కదలికల సామర్థ్యాన్ని ఐదు స్థాయిలుగా చెప్పే జీఎంఎఫ్‌సీఎస్ 1997 నుంచి ఉంది. బాబుది ఏ స్థాయో సెంటర్‌లో అడగండి. వాళ్లకే తెలియకపోతే లక్ష్యం లేకుండా లాగుతున్నట్టే.

సీనియర్ ఫిజియో, వరంగల్
మూడేళ్ల పిల్లాడి వరకు మీ మాట సరే. పన్నెండేళ్ల వాళ్ల సంగతి? ఆ వయసులో ఎముక పెరిగినంత వేగంగా కండరం సాగదు, మోకాళ్లు వంచి నడవడం మొదలవుతుంది. దానికి ఆపరేషన్ అయ్యాక కొన్ని వారాలు కాస్త నొప్పి ఉన్నా కదిలించాల్సిందే. అన్నీ ఆటలతో అవ్వవండీ.

డిగ్రీ స్టూడెంట్
నాకూ సీపీయే. అవ్వకపోవచ్చు సార్, కానీ పన్నెండేళ్ల వాడికి ఎందుకు చేస్తున్నారో చెప్పొచ్చు కదా? నా ఆటల పీరియడ్లన్నీ థెరపీకే పోయాయి, ఒక్కరూ నన్ను అడిగింది లేదు. ఇంటర్‌లో ఒక కొత్త మేడం ‘నీకేం కావాలి?’ అన్నారు. ఎవరూ పట్టుకోకుండా బస్సెక్కాలి అన్నాను. మెట్లు, రాడ్ పట్టుకోవడం, బ్యాగ్‌తో బ్యాలెన్స్, అదే పనిగా చేశాం. ఆ థెరపీకి నేను ఒక్కరోజూ ఎగ్గొట్టలేదు.

బాబు అమ్మ, నల్గొండ
ఎక్స్‌రే సంగతి ఎవరూ చెప్పలేదు, అడుగుతాను. లోపల కూర్చుంటానంటే ఏమంటారోనని టెన్షన్‌గా ఉంది.

పిల్లల ఫిజియో, వైజాగ్
వద్దంటే సెంటర్ మార్చండమ్మా. మీ మండలంలో భవిత కేంద్రం (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపేది) ఉందేమో, ఫిజియో ఏ రోజుల్లో వస్తారో కనుక్కోండి. ఫీజు ఉండదు. థెరపీ మాత్రం మానొద్దు.

పాప నాన్న, నరసరావుపేట
అందరూ బాగానే చెప్పారు. కానీ తమ్ముడూ, బస్సు మెట్టెక్కేంతగా నీ కాళ్లు నిలబడింది చిన్నప్పటి ఆ ఏడుపు థెరపీ వల్ల కాదని ఎలా చెప్పగలవు?

డిగ్రీ స్టూడెంట్
చెప్పలేను అన్నా. దానివల్లేనని మీరూ చెప్పలేరు.