షూటింగ్‌లో కొత్తవాళ్లకు మొదట్లోనే పెల్లెట్లు ఇవ్వాలా, వద్దా?

రేంజ్ నాన్న:
మా పాపకు పన్నెండేళ్లు. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో చేర్చాం. ఆరు వారాలైనా ఒక్క పెల్లెట్ (అందులో వేసే చిన్న గుండు) పేల్చనివ్వలేదు. రోజూ ఖాళీ రైఫిల్ ఎత్తడం, పట్టుకోవడం, దించడం. ఇప్పుడు "నేను రాను నాన్నా" అంటోంది. మొదటి రోజు పది పెల్లెట్లు ఇస్తే ఏం పోతుంది?

ఖాళీ ట్రిగ్గర్:
చాలా పోతుందండీ. టార్గెట్ మీద 10 పాయింట్ల చోటంటే అర మిల్లీమీటరు చుక్క. పెల్లెట్ చేతికిస్తే పిల్లల ధ్యాస అంతా ఆ చుక్క మీదే, ఒంటి మీద ఉండదు. నిలబడి కాల్చేటప్పుడు బరువు కండలు మొయ్యకూడదు. ఎడమ మోచేయి తుంటి ఎముక మీద ఆనాలి, బరువు ఎముకల మీదుగా పాదాలకు దిగాలి. గురిపెట్టి కళ్లు మూసుకుని, రెండు ఊపిరులు తీసి తెరవండి. గురి పక్కకు జరిగి ఉంటే చేతులతో లాగకూడదు, పాదాలు సర్దుకోవాలి. ట్రిగ్గర్ నొక్కాక కూడా ఒకట్రెండు సెకన్లు గురిలోనే ఉండాలి. పెల్లెట్ ఉంటే వెంటనే తలెత్తి ఎంత పడిందో చూస్తాం. నాకు ఆ అలవాటు పోవడానికి ఏడాది పట్టింది.

పాత క్యాడెట్:
ఎన్‌సీసీలో మాకు పట్టు నేర్పి, అదే రోజు పాయింట్ టూ టూ రైఫిల్‌తో ఐదు రౌండ్లు కాల్పించారు. ఎవరూ చెడిపోలేదు.

ఖాళీ ట్రిగ్గర్:
అది పడుకుని కాల్చడం. మోచేతులు రెండూ నేల మీదే. ఇక్కడ నిలబడాలి, స్లింగ్ (రైఫిల్‌ను చేతికి బిగించే పట్టీ) ఉండదు. పోలిక ఎలా కుదురుతుంది?

పాత క్యాడెట్:
పట్టు ఎక్కడైనా పట్టే.

కొత్త కుర్రాడు:
మొదట్లోనే షూటింగ్ జాకెట్ కొనాలా?

మెకానిక్ బాబాయ్:
ఒక్క మాట. ఇంట్లో బారెల్ మడిచే స్ప్రింగ్ రైఫిల్ ఉన్నవాళ్లు ఇది చదివి ఖాళీగా పేల్చకండి. పెల్లెట్ లేకపోతే పిస్టన్‌కు ఎదురు ఒత్తిడి ఉండదు. పోయి గుద్దుకుంటుంది, సీలు పాడవుతుంది.

ఖాళీ ట్రిగ్గర్:
నిజమే. నేను చెప్పింది డ్రై ఫైర్ (పెల్లెట్ లేకుండా ట్రిగ్గర్ నొక్కడం) సదుపాయం ఉన్న, పోటీల్లో వాడే మ్యాచ్ రైఫిళ్ల సంగతి. వాటినీ ఖాళీ అని చూసుకున్నాకే ఎత్తాలి, గొట్టం మూతి టార్గెట్ వైపే ఉండాలి.
నాన్నగారూ, 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రాకు స్వర్ణం, 2012లో లండన్‌లో మన గగన్ నారంగ్‌కు కాంస్యం వచ్చింది ఈ ఈవెంట్‌లోనే. ఓపిక లేనిదే ఇందులో ఏదీ రాదు. మీ పాపకు అది చాలలేదేమో.

రేంజ్ నాన్న:
మా పాపను మీరు చూశారా? ఎనిమిది మంది పిల్లలకు రెండు రైఫిళ్లు. వంతు వచ్చేదాకా గంటసేపు నిలబడేది, ఓపిక లేకనా? ఆరు వారాల్లో కోచ్ వచ్చి పాప మోచేయి ఎక్కడ ఆనిందో చూసింది రెండే రెండుసార్లు. ఫీజు మాత్రం పూర్తిగా తీసుకున్నారు. నా కోపం డ్రై ఫైరింగ్ మీద కాదు. ఇది శిక్షణా, లేక పెల్లెట్ల ఖర్చు మిగుల్చుకోవడమా అని అడుగుతున్నా.

ఖాళీ ట్రిగ్గర్:
ఓపిక మాట అనకుండా ఉండాల్సింది. నేను నేర్చుకున్నప్పుడు కోచ్ పక్కనే ఉండి సరిచేసేవారు. చూసేవాళ్లు లేకపోతే తప్పే అలవాటవుతుంది. కానీ అలాంటిచోట పెల్లెట్లు ఇచ్చినా అంతే కదా.

రేంజ్ నాన్న:
అంతే కాదు. పెల్లెట్ ఎక్కడ పడిందో కనిపిస్తే, ఏదో తేడా ఉందని కనీసం పాపకైనా తెలిసేది.

ఎడమచేతి వాటం:
పాపకు ఏ కన్ను బలం? చేతులు చాచి, వేళ్ల మధ్య చిన్న సందులోంచి దూరంగా ఉన్న గడియారాన్ని రెండు కళ్లతో చూడమనండి. తర్వాత ఒక్కో కన్నూ మూయమనండి. ఏ కన్ను తెరిచి ఉంటే గడియారం కనిపిస్తుందో అదే బలమైన కన్ను, రైఫిల్ ఆ వైపు భుజానికి పెడితే గురి సులువు.

రేంజ్ నాన్న:
ఇప్పుడే చూశాం. ఎడమ కన్ను. ఇన్నాళ్లూ కుడి భుజానికే పెట్టించారు. ఈ సంగతి ఎవరూ అడగలేదు.

ఖాళీ ట్రిగ్గర్:
కుడి భుజమే ఉంచితే ఎడమ కంటికి బ్లైండర్ (చూపుకు అడ్డుగా పెట్టే చిన్న పలక) పెట్టుకోవచ్చు. లేదంటే ఎడమ భుజానికి మారాలి. మారితే మళ్లీ మొదటి నుంచి, ఖాళీ రైఫిల్‌తోనే.

రేంజ్ నాన్న:
ఒక్క వారం. ఆ తర్వాత పెల్లెట్ ఇవ్వాల్సిందే.