చెన్నై నుంచి డల్లాస్‌కి అసలు ఎన్ని గంటలు పడుతుంది?

కావలి కుర్రోడు:
అన్నా, అక్క కాన్పుకని అమ్మ వచ్చే నెల డల్లాస్ వెళ్తోంది. 12న తెల్లవారుజామున 4 గంటలకి చెన్నైలో ఎక్కితే అదే 12న సాయంత్రం 4:30కి డల్లాస్‌లో దిగుతుందని టికెట్‌లో ఉంది, మధ్యలో దోహాలో మారాలి. అంటే పన్నెండున్నర గంటలేనా? బావేమో ఇరవై దాటుద్ది అంటున్నాడు. అమ్మకి షుగర్, మాత్రల లెక్క చూసుకోవాలి, అందుకే టెన్షన్. ఇంకోటి, అమెరికా పడమటి వైపు కదా, మరి మ్యాప్‌లో విమానం పైకి ఉత్తరానికి పోతుందేంది?

ఒంగోలు మాస్టారు:
మీ బావ చెప్పిందే కరెక్ట్. టికెట్‌లో ఏ ఊరి టైమ్ ఆ ఊరిదే వేస్తారు. మీ అమ్మ వెళ్లేటప్పటికి డల్లాస్ మనకంటే పదిన్నర గంటలు వెనక, నవంబర్‌లో అక్కడ గడియారం గంట వెనక్కి తిప్పాక పదకొండున్నర. పన్నెండున్నరకి పదిన్నర కలుపు, మొత్తం 23 గంటలు. దోహాకి ఓ అయిదు, అక్కడ రెండు గంటలు ఆగడం, మిగతా పదహారూ ఒక్క సీట్లోనే.

ఉత్తరం సంగతి గ్లోబు మీద దారం పట్టి చూస్తే తెలుస్తుంది. చెన్నై 80 డిగ్రీల తూర్పు, డల్లాస్ 97 డిగ్రీల పడమర, అంటే భూమికి దాదాపు అటూ ఇటూ. నేరుగా పోతే దగ్గరి దారి ఉత్తర ధ్రువం పక్క నుంచే, సుమారు 14,900 కిలోమీటర్లు. దోహా మీదుగా అయితే 3,300, ఆపైన 12,700, కలిపి 16,000. చుట్టు తిరుగుడు అనుకుంటాం గానీ పెరిగేది వెయ్యి చిల్లరే.

నెల్లూరు ట్రంకు రోడ్డు:
లెక్కలు సరే, తేదీ చూసుకోండి సామీ! 12 తెల్లవారుజాము 4 అంటే 11 రాత్రికే ఎయిర్‌పోర్టులో ఉండాలి, చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే. ఎయిర్‌పోర్టు ఉన్న మీనంబాకం చెన్నైకి ఆ చివర, కావలి నుంచి రెండొందల యాభై దాకా ఉంటుంది. సూళ్లూరుపేట, తడ దాకా కారు బాగానే పోతుంది, రెడ్‌హిల్స్ దాటాక ట్రాఫిక్ మన చేతిలో ఉండదు. మూడు గంటల ముందు చేరాలంటే 11న సాయంత్రం 6కల్లా బయల్దేరండి.

కందుకూరు అక్క:
తమ్ముడూ, మాత్రలు, డాక్టర్ చీటీ చేతిసంచిలోనే పెట్టు, పెద్ద పెట్టెలో వేస్తే మళ్లీ డల్లాస్‌లోనే కనపడేది. ఏ టైమ్‌కి వేసుకోవాలో డాక్టర్నే అడుగు, గడియారం మారుతుంది కాబట్టి మనం ఊహించి చెప్పకూడదు. వీల్‌చైర్, షుగర్ వాళ్ల భోజనం ముందే ఫోన్ చేసి రాయించు. దోహాలో గేటు దాకా వాళ్లే తోసుకెళ్తారు, భాష రాదన్న భయం ఉండదు.

కావలి కుర్రోడు:
చాలా థ్యాంక్స్ అందరికీ. బావ కారు 12 రాత్రికి మాట్లాడి పెట్టాడు, ఇప్పుడే ఫోన్ చేసి మార్పించా. తిరిగొచ్చేటప్పుడు కూడా ఇంతేనా?

ఒంగోలు మాస్టారు:
కొంచెం తక్కువ. పైన గాలులు పడమటి నుంచి తూర్పుకి వీస్తాయి, వచ్చేటప్పుడు వెనక నుంచి తోస్తాయి. కానీ తేదీ మాత్రం ముందుకి దూకుద్ది, అక్కడ సాయంత్రం ఎక్కితే చెన్నైలో దిగేసరికి ఎల్లుండి తెల్లవారుతుంది. కారు మాట్లాడే పని మాత్రం బావకి ఇవ్వొద్దు.