ఫోర్ వీల్ డ్రైవ్ పికప్‌కు ఆల్ టెరైన్ టైర్లు వేయించవచ్చా?

ప్రశ్న – బంగారుపాళ్యం
మా ఇసుజు వి-క్రాస్‌కు ఉన్న 255/60 ఆర్18 రోడ్డు టైర్లు అరిగిపోయాయి. ఎక్కువగా తిరుపతి, చిత్తూరు తారు రోడ్ల మీదే తిరిగినా, తోతాపురి కోతల కాలంలో తోటలోని ఎర్రమట్టి దారిలో, వాన పడితే జారే బురదలో, కాయల బరువుతో బండి నడపవలసి వస్తుంది. తారుకూ మట్టికీ పనికొచ్చే ఆల్ టెరైన్ టైర్లు సరిపోతాయా, బురద కోసమే చేసిన మడ్ టెరైన్ తీసుకోవాలా? దయచేసి తెలియజేయగలరు.

జవాబు – పలమనేరు
నమస్కారమండీ. మడ్ టెరైన్ అక్కరలేదు. తారు మీద దాని రొద భరించడం కష్టం, పైగా మొగిలి ఘాట్ మలుపుల్లో వాన కురుస్తున్నప్పుడు దానికి పట్టు తక్కువ. ఆల్ టెరైన్ చాలు. అయితే కంపెనీ పేరు కన్నా ముందు టైరు పక్క భాగం మీది అంకెలు చూడండి. కొలత తర్వాత 112 అని ఉంటే ఒక్కో టైరు 1120 కిలోల వరకు మోయగలదని అర్థం. పాత టైరు మీదున్న సంఖ్య కన్నా తక్కువది, ధర తగ్గింది కదా అని తీసుకోకూడదు. టైరు పక్కనే డాట్ (DOT) అనే అక్షరాలతో మొదలయ్యే వరుస చివర 1425 అని ఉంటే అది 2025లో 14వ వారంలో తయారైనది. మన ఎండలకు రబ్బరు త్వరగా గట్టిపడుతుంది కనుక, ఏళ్ల తరబడి నిల్వ ఉన్న సరుకును ఎంత రాయితీ ఇచ్చినా నేనైతే ముట్టుకోను.

జవాబు – తిరుపతి
కొందరు దుకాణదారులు వెనుక రెండూ మారిస్తే చాలంటారు, వినకండి. ఫోర్ హై (నాలుగు చక్రాలకూ ఇంజిన్ శక్తి వెళ్లే అమరిక) వేసినప్పుడు ముందు, వెనుక ఇరుసులకు వెళ్లే షాఫ్టులు ఒకే వేగంతో తిరుగుతాయి. టైర్ల చుట్టుకొలతలో తేడా ఉంటే ఆ ఒత్తిడంతా గేర్ల మీద పడుతుంది. నాలుగూ ఒకే రకం వేయించి, స్టెప్నీని కూడా అదే కొలతలో ఉంచండి. బురదలో గాలి కొంత తగ్గిస్తే పట్టు పెరుగుతుంది గానీ, కాయల లోడుతో ఉన్నప్పుడు మాత్రం ఆ పని చేయవద్దు.